వేయించిన బూడిద

6 ఫిబ్రవరి 2023, సోమవారం, పోచంపల్లి. ఉదయం 10.15

నేను డైరీ రాసే మనిషిని కాను. ముప్పై ఒక్క ఏళ్లు జూనియర్ కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పాను. వేలమంది చేత రికార్డులు రాయించాను. నా గురించి ఒక్క పేజీ రాసుకోలేదు. ఇవాళ రాయడానికి కారణం ఉంది. నా మనవరాలు జేబా ఎడమ కంట్లో గంటకోసారి చుక్కల మందు వెయ్యాలి, వేసిన సమయం రాసిపెట్టాలి. డాక్టర్ చెప్పింది. అందుకోసం వాడకుండా మిగిలిన రికార్డు పుస్తకం ఒకటి పెట్టెలోంచి తీశాను. కుడివైపు గీతల పేజీలో చుక్కల లెక్క. ఎడమవైపు తెల్ల పేజీ పటం గీయడానికి వదిలేది. గీయడానికి పటమేమీ లేదు. కనుక ఇది.

ఇంకో సంగతి. ఈ ఇంట్లో తెలుగు చదవగలిగినవాళ్లం ఇద్దరమే, నేనూ జేబా. కోడలు నాజియాది హైదరాబాదు పాతబస్తీ, ఉర్దూ, ఇంగ్లిష్ తప్ప చదవలేదు. కొడుకు డానిష్‌ను వాళ్ల నాన్న పట్టుబట్టి ఉర్దూ మీడియంలో వేశాడు, వాడు బస్సు బోర్డు దాటి చదవడు. జేబాకు పదమూడేళ్లు. ప్రస్తుతం ఒక కంటికి కట్టు ఉంది, రెండో కంటిని కూడా అలసిపోనివ్వొద్దన్నారు. కనుక ఇక్కడ రాసినది ఇక్కడే ఉంటుంది.

నిన్నటి వివరాలు, వరుసగా:

సాయంత్రం 4.10. పెరట్లో పొయ్యి మీద ఉన్న బూడిద నీళ్లు చిట్లాయి. జేబా ఎడమ కంట్లో పడ్డాయి.

కడిగాము.

4.50. ఆటో.

6.35. హైదరాబాదు, కంటి దవాఖాన. సెలైన్‌తో నలభై నిమిషాలు కడిగారు. డాక్టర్ పేరు మంజులత. నా ఆఖరి బ్యాచి పిల్లల వయసు ఉంటుంది. అడిగినవాటికి జవాబులు చెప్పాను. నల్లగుడ్డు మీది పొర కాలిందట. క్షారం యాసిడ్ కంటే చెడ్డదనీ, అది ఉన్నచోట ఆగకుండా లోపలికి దిగుతూ పోతుందనీ వివరించింది. నాకు వివరించింది. వారం గడిస్తే గాని చూపు సంగతి చెప్పలేనంది.

పాందాన్ కడిగి, ఆరబెట్టి, అటక మీద పెట్టించాను. అరవై తొమ్మిదేళ్లకు పాన్ మానడం మంచిదే.

అదే రోజు, మధ్యాహ్నం 3.05

ఇప్పటికి చుక్కలు తొమ్మిది సార్లు. ఒక్కటీ ఆలస్యం కాలేదు.

ఇదంతా ఒక మాటతో మొదలైంది. ఇరవై ఎనిమిదో తేదీ సైన్సు దినోత్సవానికి బళ్లో పిల్లల్ని తలా ఒక శాస్త్ర పదం ఎంచుకుని, దాని అర్థం, పుట్టుక చార్టు మీద రాసి తెమ్మన్నారు. తక్కిన పిల్లలు ఆక్సిజన్, విటమిన్ తీసుకున్నారు. నేను ఆల్కలి తీసుకోమన్నాను.

"దాదీ, గది ఇంగ్లిష్ మాటనే గద?" అంది జేబా.

"కాదు. అరబ్బీది."

మా నాన్న నల్గొండలో పిల్లలకు అరబ్బీ చెప్పేవాడు. నేను ఇంటర్‌లో చేరిన వారానికే ఈ మాట పట్టుకుని ఆయన దగ్గరికి పోయాను. ఆయన నన్ను వంటింట్లోకి తీసుకెళ్లి, అమ్మ పెనం మీద జీలకర్ర వేయిస్తుంటే చూపించాడు. ఆ వేయించడం అన్న క్రియలోంచే ఈ మాటలోని ఖలీ వచ్చిందన్నాడు. ఉప్పునేలల్లో మొలిచే మొక్కల్ని కాల్చి, ఆ బూడిదను బాగా వేయించి, నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లతో సబ్బు, గాజు చేసేవాళ్లు. ఆ బూడిద పేరు ఖలీ. ముందున్న అల్ ఊరికే అరబ్బీ అలవాటు. మాట ఓడలెక్కి పడమటికి పోయింది, అక్కడి పుస్తకాల్లో చేరి ఆల్కలి అయింది, మన పుస్తకాల్లోకి వచ్చేసరికి పక్కన క్షారం అని రాశారు. పొటాషియం పేరులో ఎక్కడా లేని K దాని గుర్తుగా ఎందుకుందని ఏటా ఒక్క పిల్లయినా అడిగేది. ఆ K ఈ ఖలీదే. నేను ఆ జవాబు చెప్పిన ప్రతిసారీ నా గొంతు కొంచెం పెరిగేది, నాకు తెలుసు.

జేబా అంతా విని, "అంటె ఆల్కలి అంటె బూడిద ఫ్రై అన్నట్టు" అంది.

"చార్టు మీద గట్ల రాయకు."

"రాస్త దాదీ. జడ్జీలు నవ్వుతరు. నవ్వినోళ్లు మార్కులేస్తరు."

నవ్వించడానికి సర్కస్ ఉందన్నాను. మాట ఒక్కటే చాలదు, వస్తువు చూపించాలన్నాను. బూడిద నీళ్లు తీసి, జడ్జీల ముందు నూనె కలిపి సబ్బు చేసి చూపించాలని నా ఆలోచన. ఎదురింటి బిక్షమ్మ వాళ్లు రుమాళ్లు నేసే నూలుకు ఆముదం కాయల పొట్టు కాల్చిన బూడిదే వాడతారు. ఆ బూడిద నీళ్లూ నూనే కలిపి రోజుల తరబడి నూలును పిసుకుతారు, అప్పుడే ఎరుపు రంగు పట్టేది. ఆమె ఒక డబ్బా నిండా బూడిద ఇచ్చింది. నానబెట్టాము, గుడ్డలో వడకట్టాము. పసుపు రాసిన కాగితం ముంచితే ఎర్రబడింది, అంటే క్షారం ఉన్నట్టే. నూనె పోసి కాచాము. సబ్బు కాలేదు, నూనె పైన తేలింది.

తర్వాత రెండోసారి.

బిక్షమ్మ బూడిదలో సోడా కలిపి ఉండవచ్చు. తొందరగా పని కావాలని ఈమధ్య కొందరు కలుపుతున్నారని విన్నాను. నాజియా అడిగితే, ఉండవచ్చు అన్నాను. కలిపిందని అనలేదు.

7 ఫిబ్రవరి, మంగళవారం

నొప్పి తగ్గలేదు. చుక్కలు సమయానికి వేస్తున్నాను.

7 ఫిబ్రవరి, సాయంత్రం 6.20

జేబా అన్నం తినలేదు. ఇసుక పడ్డట్టు ఉందంటుంది. కాలిన పొర మానేటప్పుడు అలాగే ఉంటుందని చెప్పాను. అలాగే ఉంటుందని నేను ఎక్కడా చదవలేదు.

8 ఫిబ్రవరి, బుధవారం. ఉదయం 11.40

నాజియా ఇవాళ బిక్షమ్మ వాకిట్లో నిలబడి అడిగింది. నాజియాకు వచ్చిన తెలుగు కొద్దిగా, కోపంలో అదీ సగమే వస్తుంది.

"నీ బూడిదల సోడా ఉన్నది. నా బిడ్డ కన్ను పోతాంది. జర సచ్ బోల్, నిజం జెప్పు."

బిక్షమ్మ అప్పుడు నూలు పిసుకుతూ ఉంది. మోచేతుల దాకా తడి. లేవలేదు.

"సోడా ఎవరు జెప్పిన్రు నీకు?"

నాజియా వెనక్కి తిరిగి నా వైపు చూసింది. నేను మా గడపలో ఉన్నాను.

బిక్షమ్మ రెండు చేతులూ ఎత్తి చూపించింది. "నలభై ఏండ్ల సంది గీ నీళ్లల్లనే ఉన్నయి గీ చేతులు. సోడా కలిపితె గోళ్లు మిగులునా బిడ్డా? నా బిడ్డ నాలుగేండ్ల పిల్లప్పుడు గీ తొట్టిల మునిగి లేచింది. కండ్లల్ల పడ్డయి, తల తీస్కపోయి కుండ నీళ్లల్ల పెట్టిన, మూడు కుండలు గుమ్మరిచ్చిన, సాయంత్రానికి ఆడుకున్నది." తర్వాత నన్ను చూస్తూ, "టీచరమ్మా, నువ్వు సదువుకున్నదానివి. గీ బూడిదల ఏముంటదో నువ్వే జెప్పు" అంది.

పరీక్ష చేయనిదే ఏదీ చెప్పలేము, అన్నాను. ఆ మాట సరైనదే. పరీక్షకు కావలసినవి ఇంట్లో ఉన్నాయి. చేయలేదు.

నాజియా ఏడుస్తూ లోపలికి వచ్చింది. "అమ్మీ, ఆమె ముఖం చూస్తే అబద్ధం చెప్పే మనిషిలా లేదు" అంది ఉర్దూలో.

ముఖాలతో ఏదీ తేలదన్నాను.

8 ఫిబ్రవరి, సాయంత్రం 5.10

ఒకటి రాసేయడం మంచిది. అప్పుడు మనసు నిలుస్తుంది, చుక్కలు సరిగ్గా వేయవచ్చు.

ఆదివారం వివరాల్లో "కడిగాము" అని రాశాను, పక్కన సమయం రాయలేదు. నా విద్యార్థిని అలా రాసి ఉంటే ఎర్ర సిరాతో గుండ్రం చుట్టి వెనక్కి ఇచ్చేదాన్ని.

జరిగింది ఇది. 4.10కి పడ్డాయి. జేబా కన్ను మూసుకుని అరుస్తోంది. కుళాయి ఆరడుగుల దూరంలో ఉంది. నేను వంటింట్లోకి పోయాను. క్షారాన్ని ఆమ్లంతో తటస్థం చేయాలి, అది తప్ప ఇంకేమీ తోచలేదు. సిర్కా, అదే వెనిగర్, సీసా తీశాను. ఘాటుగా పోస్తే కంటికి ప్రమాదం కనుక పలచన చేయాలి. కొలజాడీ వెతికాను. పది మిల్లీలీటర్ల సిర్కా, వంద మిల్లీలీటర్ల నీళ్లు. గీత దగ్గరికి కన్ను వంచి చూశాను, కొంచెం ఎక్కువైంది, ఒంపేశాను. బయట పిల్ల దాదీ, దాదీ అంటోంది. వస్తున్నానన్నాను.

నేను జాడీతో వచ్చేసరికి బిక్షమ్మ మా పెరట్లో ఉంది. అరుపు విని వచ్చింది. జేబా తలను కుళాయి కింద పెట్టి, రెండు వేళ్లతో రెప్పలు విప్పి పట్టుకుని ఉంది. నా చేతిలో ఉన్నది చూసింది. కుళాయి ఇంకా విప్పింది.

అప్పుడు 4.14.

నాలుగు నిమిషాలు. కంట్లో క్షారం పడితే నీళ్లు, వెంటనే, ధారగా, ఇంకేమీ కాదు. ఇది మా ప్రయోగశాల గోడ మీద నేనే రాయించి అంటించిన కాగితంలో మూడో వరుస.

రాశాను. దీన్ని డాక్టర్‌కు కూడా చెప్పవచ్చు. చెబుతాను. నాలుగు నిమిషాల వల్లే నయం ఆలస్యమవుతోంది, ఇప్పుడు కారణం తెలిసింది. ఇంతకు మించి రాయడానికి లేదు.

9 ఫిబ్రవరి, గురువారం. ఉదయం 8.30

జేబా, నాజియా ఏడు గంటల బస్సుకు దవాఖానకు వెళ్లారు. నేను వెళ్లలేదు. మోకాళ్లు.

9 ఫిబ్రవరి, ఉదయం 10.00

బిక్షమ్మ వచ్చింది. గడప దాటలేదు. ఇన్నేళ్లలో ఆమె మా గడప బయట నిలబడి మాట్లాడింది లేదు. నేరుగా వంటింట్లోకి వచ్చి, "టీచరమ్మా, చాయ్ ఉన్నదా, లేకుంటె రోగాలకు మందు జెప్పు" అనే మనిషి.

"పిల్లకెట్లుంది?"

"దవాఖానకు పోయింది."

"నేనొకటి అడుగుత. ఎవరికి జెప్ప, నాకు అక్కెర లేదు. ఆ నాడు పిల్ల మొగం కడుగుతాంటె నీళ్లు తెల్లగ కారినయి. బుగ్గ మీద తెల్లటి పలుకులు అంటుకున్నయి, గోటితోని గీకి తీసిన. బూడిద తెల్లగుంటదా టీచరమ్మా?"

నేను చుక్కల పుస్తకం చూస్తూ కూర్చున్నాను.

"నా బూడిద నల్లగుంటది, నీళ్లు చాయ్ లెక్క ఉంటయి. నువ్వు తెలివిగలదానివి. నీకు నేను జెప్పాల్నా" అని వెళ్లిపోయింది.

9 ఫిబ్రవరి, మధ్యాహ్నం 2.40

వాళ్లు 2.05కు తిరిగి వచ్చారు. నాజియా చెప్పినది చెప్పినట్టు రాస్తున్నాను.

డాక్టర్ మంజులత జేబా కంటి అంచున ఒక సన్నటి కాగితం పెట్టింది. కాగితం నీలంగా మారింది. డాక్టర్ దాన్ని చాలాసేపు చూసింది. "నాలుగు రోజులు ఇంతగనం మందు పోసినంక గిట్ల ఉండొద్దు. లోపల ఏదో ఉన్నది, ఇంక కరుగుతనే ఉన్నది. రెప్ప మడిచి చూసిన, కనపడ్తలేదు. ఏం ఎతుకుతున్ననో తెలిస్తె ఇంక లోపలికి ఎతుకుత. ఒట్టి బూడిద నీళ్లేనా?" అంది. నాజియా అవునంది. అప్పుడు డాక్టర్ జేబాను అడిగింది, నువ్వు అక్కడే ఉన్నవు కదా, ఇంకేమన్న కలిపిన్రా అని.

జేబా చెప్పిన జవాబు: "దాదీ జెప్పిందే."

రేపు ఉదయం మళ్లీ రమ్మన్నారు. పొర ఇంకా కాలుతూ ఉంటే చూపు నిలవడం కష్టమని నాజియాను పక్కకు పిలిచి చెప్పింది.

నాజియా వంటింట్లో ఉంది. జేబా మంచం మీద నా వైపు తిరిగి పడుకుంది. నేను అడిగాను.

"డాక్టర్ అడిగితె ఎందుకు జెప్పలే?"

"ఆ నాడు నువ్వు లేదన్నవు గద. నువ్వు లేదన్నంక నేను ఉన్నదంటె ఎట్ల?" దుప్పటి మీదికి లాక్కుని, "పెద్దోళ్లు ఒక మాట జెప్పినంక నడుమల రావొద్దని నువ్వే అంటవు" అంది.

అంటాను. దానికి మాటలు వచ్చినప్పటి నుంచీ అంటున్నాను.

9 ఫిబ్రవరి, మధ్యాహ్నం 3.05

రికార్డు, సరిగ్గా.

ఉద్దేశం: బూడిద నీళ్లతో సబ్బు చేయడం. అసలు ఉద్దేశం: మా నాన్న మాటను జడ్జీల ముందు గెలిపించడం.

కావలసిన పదార్థాలు: ఆముదం పొట్టు బూడిద నీళ్లు, అర లీటరు. కల్తీ ఏమీ లేదు. నూనె, యాభై మిల్లీలీటర్లు. సున్నం, చిన్న చెంచాతో మూడు, నా పాందాన్ డబ్బీలోంచి.

పద్ధతి: వట్టి బూడిద నీళ్లకు నూనెను సబ్బు చేసే బలం ఉండదు. సున్నం పడితే వస్తుంది. బట్టలు ఉతికే నీళ్లు చర్మం తినే నీళ్లు అవుతాయి. సబ్బు చేసేవాళ్లకు వందల ఏళ్లుగా తెలుసు, నాకు చదువుకున్నప్పటి నుంచీ తెలుసు. సున్నాన్ని చల్లటి నీళ్లలో కలిపి, కొద్దికొద్దిగా పోయాలి. నేను పొయ్యి మీద కాగుతున్న గిన్నెలో ముద్దగా వేశాను. జేబాను దగ్గరికి వంగి చూడమన్నాను. అది దూరంగా నిలబడితే, శ్రద్ధ లేదని కసిరాను.

వేసింది నేను. "చిట్లాయి" అని రాశాను సోమవారం, ఎవరూ ఏమీ చేయనట్టు.

పరిశీలన: డాక్టర్ ఇంకేమన్నా కలిపారా అని ఆదివారమే అడిగింది. లేదన్నాను. అప్పుడు నాజియా నా పక్కన ఉంది, డానిష్ ఉన్నాడు. ముప్పై ఒక్క ఏళ్లు రసాయనశాస్త్రం చెప్పిన మనిషి పిల్ల ముఖం ముందు సున్నం వేసిందా అని వాళ్లు అనుకోవడం నేను చూడలేకపోయాను. ఒక్క మాట. ఆ తర్వాత ప్రతి గంటా ఆ మాట మీదే చుక్కలు వేశాను.

నిర్ధారణ: సున్నం నీళ్లలో కొద్దికొద్దిగానే కరుగుతుంది. ఏటా ఈ వాక్యం నల్లబల్ల మీద రాశాను. పై రెప్ప అడుగున మడతలో పలుకులు ఇరుక్కుని ఉన్నాయి. కన్నీళ్లలో కరుగుతున్నాయి. నాలుగు రోజులుగా కరుగుతున్నాయి. కాగితం అందుకే నీలం. దీనికి పరీక్ష అక్కర్లేదు, నాకు ఆదివారం నుంచే తెలుసు, తెలియనట్టు ఉండడానికి ఈ ఎడమ పేజీలన్నీ రాశాను.

బిక్షమ్మ గోటితో గీకి తీసినవి ఆ పలుకులే. తక్కినవి నేను లోపల ఉంచాను.

3.25

జరగవలసినవి:

1. ఇప్పుడే లేచి వంటింట్లోకి వెళ్లి నాజియాకు చెప్పాలి. ఉర్దూలో. సున్నం అన్న మాటతో మొదలుపెట్టాలి, నాన్నతోనో చార్టుతోనో కాదు. ఆమె ఏమన్నా నిలబడి వినాలి.

2. వెంటనే దవాఖాన చీటీ మీదున్న నంబరుకు డాక్టర్ మంజులతకు ఫోన్ చేయాలి. చెప్పవలసినవి: సున్నం, మూడు చెంచాలు, వేడి మీద. మొదటి నాలుగు నిమిషాలు నీళ్లు పోయలేదు. పై రెప్ప పూర్తిగా రెండు మడతలు తిప్పి లోపల వెతకాలి. రేపటి దాకా ఆగకూడదు. ఇప్పుడు కడగాలా అని అడిగి, కడగమంటే ఆటో వచ్చేవరకు ధారగా కడగాలి. దేన్నీ కొలవకూడదు.

3. డానిష్‌ను పని వదిలి నేరుగా దవాఖానకు రమ్మనాలి. వాడికీ నేనే చెప్పాలి, నాజియా కాదు.

4. నేనూ వెళ్లాలి. మోకాళ్లు బాగానే ఉన్నాయి. నాజియా తనతో రావద్దంటే వెనక బస్సుకు వెళ్లాలి.

5. ఆటో ఎక్కేముందు బిక్షమ్మ వాకిట్లో ఆగాలి. సోడా సంగతి నాజియా ఎక్కడ నిలబడి అడిగిందో అక్కడే నిలబడి, వీధికి వినిపించేలా, బూడిదలో ఏమీ లేదని చెప్పాలి. ఆమె తలెత్తకపోయినా చెప్పాలి.

6. డాక్టర్ ముందు జేబాకు చెప్పాలి, ఇప్పుడు నడుమల రా, నేను ఏది తప్పు చెప్పినా దిద్దు అని.

7. చార్టు మీద బూడిద ఫ్రై అని రాసుకోనివ్వాలి.

8. కట్టు విప్పాక ఈ పుస్తకం జేబాకు ఇవ్వాలి, ఎడమవైపు పేజీలతో సహా. ఒక కంటితో చదువుతుందో రెండు కళ్లతోనో నాకు తెలియదు. ఏ కంటితో చదివినా, అది చదువుతున్నంతసేపూ నేను ఎదురుగా కూర్చోవాలి.